చక్కెర తగ్గించిన పుల్ల ఐస్ కొరకలేనంత గట్టిపడకుండా ఎలా?

ఎండపొడ

అందరికీ నమస్కారం. ఎండలు ముదిరినప్పటి నుంచి మా బాబు రోజూ పుల్ల ఐస్ కావాలంటున్నాడు. వాడికి ఆరేళ్ళు. చెల్లి పది నెలల పాప, అన్న చేతిలో ఏముంటే అది తనకూ కావాలని చేతులు చాస్తుంది. బయట అమ్మే వాటి ప్యాకెట్ తిప్పి చదివితే నీళ్ళ తర్వాత రెండో పేరు చక్కెర, ఆ వెనకే రంగులు. అందుకని ఇంట్లోనే చేస్తున్నాను. పుచ్చకాయ రసం, నారింజ రసం వడగట్టి, చక్కెర అస్సలు వేయకుండా అచ్చుల్లో పోసి ఫ్రీజర్‌లో పెడుతున్నాను. తీసి చూస్తే పన్ను దిగనంత గట్టిగా ఉంటున్నాయి. పైగా బాబు కాసేపు చప్పరించేసరికి రంగూ రుచీ అంతా నోట్లోకి వచ్చేసి, పుల్లకి తెల్లటి ఐసు ముక్క మిగులుతోంది. దాన్ని వాడు తినడు.

చక్కెర వేయకుండానే మెత్తగా, చివరి ముక్క దాకా రుచిగా వచ్చే దారి ఏదైనా ఉందా?

నీలిమేఘం

ఉందండి. ముందు ఎందుకిలా అవుతోందో చెబుతాను, అది తెలిస్తే ఏ పండుతోనైనా మీరే సర్దుకోగలరు.

పుల్ల ఐస్‌లో చక్కెర రెండు పనులు చేస్తుంది. ఒకటి తీపి, అది అందరికీ తెలిసిందే. రెండోది, నీళ్ళు పూర్తిగా గడ్డకట్టకుండా అడ్డుపడటం. 850 గ్రాముల నీళ్ళలో 150 గ్రాముల చక్కెర కరిగిస్తే అది 0 దగ్గర కాకుండా సుమారు మైనస్ 1 డిగ్రీ దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఒక్క డిగ్రీయే కదా అనిపిస్తుంది. కానీ ముందుగా గడ్డకట్టేది నీరు మాత్రమే, చక్కెర మిగతా ద్రవంలోనే ఉండిపోతుంది. ఐసు పెరిగేకొద్దీ ఆ మిగిలిన ద్రవం చిక్కబడి, ఇంకా ఇంకా చల్లబడితే తప్ప గడ్డకట్టదు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. అక్కడ కూడా ఐసు పలుకుల మధ్య కాస్త చిక్కటి పాకం గడ్డకట్టకుండా ఉంటుంది. మనం కొరికినప్పుడు పన్ను దిగేది దాని వల్లే. మీరు చక్కెర తీసేశారు, తీపితో పాటు ఆ మెత్తదనమూ పోయింది.

తెల్ల ఐసు మిగలడానికీ కారణం ఇదే. పలుచటి రసం నిదానంగా గడ్డకడితే నీళ్ళు పెద్ద పెద్ద పలుకులుగా కట్టి, రుచినీ రంగునీ సందుల్లోకి నెట్టేస్తాయి. చప్పరిస్తే సందుల్లో ఉన్నది ముందు వచ్చేస్తుంది.

కాబట్టి చక్కెర తీసేస్తే దాని రెండో పనిని ఇంకొకరికి అప్పజెప్పాలి. పండులోని పీచు, పెక్టిన్ అనే జిగురు పదార్థం, పెరుగులోని ప్రొటీన్, కొవ్వు, ఇవన్నీ ఐసు పలుకులు పెద్దవి కాకుండా అడ్డుకుంటాయి. మీరు వడగట్టి పారేస్తున్నది సరిగ్గా మీకు కావలసినదే.

పళ్ళబుట్ట

నీలిమేఘం గారు చెప్పినదానికి నా వంటింటి వైపు నుంచి. రసం మానేసి గుజ్జు వాడండి. వడగట్టవద్దు.

మామిడి, అరటి, ఈ రెండూ ఉంటే సగం పని అయిపోయినట్టే, గుజ్జు చిక్కగా ఉంటుంది, తీపీ బాగా ఉంటుంది. కర్బూజ, స్ట్రాబెర్రీ మధ్యస్థం. పుచ్చకాయ, నారింజ దాదాపు నీళ్ళే, పుచ్చకాయలో 90 శాతం పైనే నీరు. వాటిని ఒంటరిగా వేయకుండా పక్కన ఒక అరటిపండో కాస్త పెరుగో తోడివ్వాలి.

మా ఇంట్లో ఎక్కువగా చేసేది ఇది: బాగా పండిన మామిడి ముక్కలు రెండు కప్పులు, చిక్కటి పెరుగు ఒక కప్పు, అరటిపండు సగం, నిమ్మరసం ఒక చెంచా, చిటికెడు ఉప్పు. అన్నీ కలిపి మిక్సీలో తిప్పడమే. చక్కెర లేదు. 80 మిల్లీలీటర్ల అచ్చులైతే ఏడు దాకా వస్తాయి. పెరుగు పలుచగా ఉంటే శుభ్రమైన గుడ్డలో కట్టి రెండు మూడు గంటలు వేలాడదీయండి, నీరు దిగిపోయి చిక్కబడుతుంది. దిగిన నీళ్ళు మజ్జిగలోనో పిండి కలపడానికో వాడుకోవచ్చు.

ముఖ్యమైన మాట, పండు ఎంత పండితే అంత మంచిది. తొక్క మీద మచ్చలు పడి ఇంట్లో ఎవరూ ముట్టని అరటిపండే దీనికి సరైన పండు. పిండిపదార్థం అంతా తీపిగా మారి ఉంటుంది.

ఎండపొడ

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. పీచు సంగతి నాకు తట్టలేదు. ఇంకొక్క ప్రశ్న. చక్కెర బదులు తేనె వేస్తే? తేనె మంచిదే కదా, పైగా సహజం. పాపకి కూడా ఒక చెంచా రుచి చూపించొచ్చు అనుకుంటున్నాను.

తొలకరి

ఎండపొడ గారూ, పాపకి తేనె వద్దు. ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. నేను పిల్లల పోషకాహారం మీద పని చేస్తాను, ఈ మాట ఎక్కడ తేనె ప్రస్తావన వచ్చినా చెబుతాను. తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి విత్తులు ఉండే వీలుంది. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తలేవు. ఏడాదిలోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేయగలవు, కండరాలు చచ్చుబడతాయి. అరుదే, కానీ ప్రాణాంతకం. ఫ్రీజర్‌లో పెట్టినా ఆ విత్తులు చావవు, మామూలుగా మరిగించినా చావవు.

బాబుకి ఇవ్వొచ్చు. కానీ శరీరం లెక్కలో తేనె కూడా చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో విడి చక్కెరలు రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదని, 5 శాతంలోపు ఉంటే ఇంకా మేలని చెప్పింది. రోజుకి 2000 క్యాలరీలు తినే పెద్దవాళ్ళకి 5 శాతం అంటే దాదాపు 25 గ్రాములు. పిల్లలకి ఇంకా తక్కువ. ఈ విడి చక్కెరల్లో పంచదారతో పాటు తేనె, పాకాలు, పళ్ళ రసం కూడా ఉన్నాయి. పండు పండుగా తింటే అందులోని తీపిని లెక్కలో వేయరు.

రెండేళ్ళలోపు పిల్లలకు విడిగా కలిపిన చక్కెర అసలు వద్దనే పిల్లల వైద్యులు చెబుతారు. పాపకి పళ్ళబుట్ట గారు చెప్పిన మామిడి మిశ్రమమే ఇవ్వండి, ఉప్పు వేయకముందు కొంచెం తీసి పక్కన పెట్టి. పుల్ల చేతికి ఇవ్వకండి. గట్టి ముక్క విరిగి గొంతులో పడొచ్చు. గిన్నెలో కరగనిచ్చి చెంచాతో పెట్టండి. మామిడి, పెరుగు ఇంతకుముందు విడివిడిగా తిని పడ్డాయో లేదో చూసుకున్నాకే.

ఎండపొడ

అయ్యో, అడిగి మంచి పని చేశాను. తేనె సీసా పాపకి దూరంగానే ఉంచుతాను. చాలా థ్యాంక్స్ అండీ.

మంచుతెర

నాదొక సలహా. చక్కెర, తేనె ఈ గొడవంతా ఎందుకు, స్టీవియా చుక్కలు వేస్తే సరిపోతుంది కదా. క్యాలరీలు సున్నా, తీపి నిండుగా. నేను కాఫీలో అదే వాడతాను.

నీలిమేఘం

తీపి వస్తుందండి, మెత్తదనం రాదు. గడ్డకట్టే ఉష్ణోగ్రతను దించేది ద్రవంలో ఎన్ని అణువులు కరిగాయన్న లెక్క. స్టీవియా చక్కెర కన్నా కొన్ని వందల రెట్లు తీపి కాబట్టి రెండు చుక్కలతో సరిపెడతాం. రెండు చుక్కల్లో ఉండే అణువులు ఐసుని ఏమీ చేయలేవు. నీళ్ళ లాంటి రసంలో స్టీవియా వేస్తే తియ్యటి ఐసు గడ్డ వస్తుంది. కాఫీ గడ్డకట్టదు కాబట్టి అక్కడ ఆ ఇబ్బంది కనపడదు. చిక్కటి గుజ్జులో అయితే వేసుకోవచ్చు, అక్కడ మెత్తదనాన్ని గుజ్జు చూసుకుంటుంది.

ఇదే లెక్కతో ఇంకో మాట. మామూలు పంచదార అణువు పెద్దది. తేనెలోనూ పళ్ళలోనూ ఉండే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అణువులు దాని బరువులో దాదాపు సగం ఉంటాయి. అంటే అదే బరువుకి దాదాపు రెట్టింపు అణువులు. అందుకే గ్రాముకి గ్రాము తూచి వేస్తే తేనె వేసినది పంచదార వేసినదాని కన్నా మెత్తగా ఉంటుంది. పెద్దపిల్లలకి చేసేటప్పుడు ఏదో ఒకటి వేయక తప్పదనుకుంటే, తక్కువ తేనెతో ఎక్కువ మెత్తదనం రాబట్టవచ్చు.

గోరువెచ్చన

నాకు ఖర్జూరం బాగా కుదిరింది. గింజ తీసిన ఖర్జూరాలు నాలుగైదు వేడినీళ్ళలో ఓ అరగంట నానబెట్టి, అరటిపండు, పాలు, కాస్త యాలకుల పొడి వేసి మెత్తగా రుబ్బితే ఐస్‌క్రీమ్‌కి దగ్గరగా వస్తుంది. పీచు కూడా ఉంటుంది.

తొలకరి

ఖర్జూరం మంచి ఎంపికే, పీచు ఉంది కాబట్టి. చేయి మాత్రం పట్టి వేయండి, ఎండు ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరే.

మిక్సీ గురించీ ఒక మాట చెప్పాలి, ఇది చాలామందికి నచ్చదు. పండుని బాగా మెత్తగా తిప్పినప్పుడు దాని కణాల గోడలు చితికి లోపలి చక్కెర బయటికి వచ్చేస్తుంది. అందుకే బ్రిటన్‌లో పళ్ళ గుజ్జులోని చక్కెరను కూడా విడి చక్కెర కిందే లెక్కేస్తారు. అలాగని గుజ్జు చెడ్డదనడం లేదు, పీచు, విటమిన్లు చాలావరకు అందులోనే ఉంటాయి. రసం కన్నా ఎంతో నయం. నేను చేసేటప్పుడు పండులో మూడో వంతు మిక్సీలో వేయకుండా చిన్న ముక్కలుగా కోసి అచ్చులో వేస్తాను. నమలడానికి ఉంటుంది, తినడమూ నిదానమవుతుంది.

ముక్కలు వేసేటప్పుడు పిల్లల వయసు చూసుకోండి. ఐదేళ్ళలోపు వాళ్ళకి ద్రాక్ష గుండ్రంగా ఎప్పుడూ వేయొద్దు, నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. జీడిపప్పు, బాదం లాంటివి పొడి చేసి వేయాలి.

వానచినుకు

ఇక్కడే అడుగుతున్నాను, ఏమనుకోకండి. నేను అనాస ముక్కలు, పెరుగు కలిపి చేశాను. అచ్చులో పోసే ముందు రుచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు తింటే చేదు. పెరుగు తాజాదే, అనాస కూడా బాగా పండినదే. కివీతో చేసినా ఇంతే. ఎందుకిలా?

నీలిమేఘం

పెరుగు తప్పు లేదు, పండు తప్పూ లేదు, ఆ రెండింటికీ పడదు. ఉడికించని అనాసలో బ్రోమిలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, కివీలో ఆక్టినిడిన్, బొప్పాయిలో పపైన్. మూడూ ప్రొటీన్లను ముక్కలు చేస్తాయి. పాల ప్రొటీన్ అలా తెగినప్పుడు వచ్చే చిన్న ముక్కలు కొన్ని చేదుగా ఉంటాయి. మీరు రుచి చూసినప్పుడు ఇంకా పని మొదలవలేదు. గడ్డకట్టేదాకా పట్టే గంటల్లో అది జరిగిపోయింది.

దారి తేలికే. అనాస ముక్కల్ని గిన్నెలో వేసి కొన్ని నిమిషాలు ఉడుకు పట్టించి, పూర్తిగా చల్లార్చి, అప్పుడు పెరుగులో కలపండి. వేడికి ఎంజైమ్ పాడైపోతుంది. డబ్బాలో వచ్చే అనాసకి ఈ బాధ లేదు, డబ్బాలో పెట్టేటప్పుడే వేడి చేస్తారు. ఉడికించడం ఇష్టం లేకపోతే పెరుగు మానేసి కొబ్బరిపాలు వాడి చూడండి. కొబ్బరిపాలలో ప్రొటీన్ తక్కువ, కొవ్వు బాగా ఉంటుంది, మెత్తదనం ఆ కొవ్వే ఇస్తుంది.

వానచినుకు

ఉడికించడం తెలియక రెండు పళ్ళూ మానేద్దామనుకున్నాను. ఇక మానను. కొబ్బరిపాలూ అనాసా ఈ ఆదివారమే.

పళ్ళబుట్ట

అనాసలో జెలటిన్ వేసినా ఇదే తంటా, జెలటిన్ కూడా ప్రొటీనే కాబట్టి గట్టిపడదు. జెలటిన్ ఎందుకంటారా, పుల్ల ఐస్ కారకుండా ఉండటానికి కొందరు కాస్త వేస్తారు, చిన్నపిల్లల బట్టలు బతుకుతాయి. శాకాహారులు దాని బదులు అగర్ అగర్ వాడొచ్చు, అది సముద్రపు నాచు నుంచి వచ్చేది, నీళ్ళలో బాగా మరిగించి కలపాలి. అనాసతో దానికి గొడవ లేదు.

నేనైతే రెండూ వాడను. పాలతో చేసేటప్పుడు రెండు కప్పుల పాలకి ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ ముందు చల్లటి పాలలో కలిపి, తర్వాత సన్నమంట మీద చిక్కబడేదాకా తిప్పుతాను. పిండి ఉడికాక నీళ్ళని పట్టి ఉంచుతుంది, పలుకులు సన్నగా వస్తాయి. పాలు లేని వాటికి చియా గింజలు, ఒక చెంచా గింజలు పావుగంట నానితే చుట్టూ జిగురు కడుతుంది. పుచ్చకాయకి ఇది చాలా బాగా నప్పుతుంది, చూడటానికి కూడా పుచ్చ గింజల్లాగే కనపడతాయి. పిల్లలకి పెట్టేటప్పుడు గింజలు పూర్తిగా నానాయో లేదో చూసుకోండి, పొడి గింజలు వేయొద్దు.

సాయంత్రపునీడ

మా నాన్నగారికి షుగర్ ఉంది. మనవళ్ళు పుల్ల ఐస్ తింటుంటే ఆయన పక్కన కూర్చుని చూస్తారు, అడగరు. నాకు మనసు ఒప్పడం లేదు. ఆయనకి ఇవ్వగలిగేది ఏమైనా ఉందా?

తొలకరి

ఉంది. ఇవ్వకూడని తిండి అనే కన్నా లెక్కలో పెట్టుకోవాల్సిన తిండి అనుకోండి.

100 గ్రాముల పండులో ఉండే చక్కెర ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది. స్ట్రాబెర్రీలో 5 గ్రాములు, పుచ్చకాయలో 6, కర్బూజలో 8, అనాసలో 10, అరటిలో 12, మామిడిలో 14, ద్రాక్షలో 15. పళ్ళబుట్ట గారి మామిడి మిశ్రమం లెక్కేసి చూశాను, చక్కెర వేయకపోయినా ఒక్కోదానిలో దాదాపు 9 గ్రాములు వస్తుంది, పండుది, పెరుగుది కలిపి. పిల్లలకి అది బాగానే ఉంటుంది. నాన్నగారికి స్ట్రాబెర్రీ, చిక్కటి పెరుగు కలిపి చేయండి, పండు కన్నా పెరుగు ఎక్కువ ఉండేలా. తీపి చాలకపోతే స్టీవియా వేయండి, పెరుగు చిక్కదనం ఉంది కాబట్టి మరీ గట్టిపడదు. అచ్చు చిన్నది, 50 మిల్లీలీటర్లది తీసుకోండి. విడిగా తినే కన్నా భోజనంతో పాటు తింటే చక్కెర పెరుగుదల నెమ్మదిగా ఉంటుంది. తిన్న రెండు గంటలకి మీటరుతో చూస్తే ఆయన ఒంటికి ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది. ఇన్సులిన్ వాడుతుంటే ఆ పిండిపదార్థాన్ని కూడా లెక్కలో వేయమని డాక్టరుగారిని అడగండి.

సాయంత్రపునీడ

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా సంతోషం అండీ. చిన్న అచ్చు అన్న మాట బాగుంది. ఆయనకి కావలసింది పిల్లలతో కలిసి తినడమే.

మంచుతెర

కొబ్బరి నీళ్ళతో చేయొచ్చా? ఎండలో ఆడొచ్చిన పిల్లలకి అది మంచిదంటారు కదా.

తొలకరి

చేయొచ్చు. పొటాషియం బాగా ఉంటుంది, తీపి తక్కువ. తీపి తక్కువ కాబట్టి ఉత్తి కొబ్బరి నీళ్ళు గట్టిగా గడ్డకడతాయి, లేత కొబ్బరి కూడా తిప్పి కలపండి, లేదా మామిడి ముక్కలు వేయండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళకి మాత్రం డాక్టరుని అడగకుండా ఇవ్వకండి, పొటాషియం వాళ్ళకి ప్రమాదం.

ఇంకోటి. పుల్ల ఐస్ తిన్నంత మాత్రాన నీళ్ళు తాగినట్టు కాదు. 80 మిల్లీలీటర్లు అంటే అరగ్లాసు కూడా లేదు. విరేచనాలు అవుతున్న పిల్లలకి పళ్ళ రసంతో చేసినది పెట్టకండి, ఎక్కువ చక్కెర విరేచనాలను పెంచుతుంది. అప్పుడు ఓఆర్‌ఎస్సే ఇవ్వాలి.

నీలిమేఘం

చల్లదనం సంగతికి వస్తే, ఒక గ్రాము ఐసు కరగడానికి దాదాపు 334 జౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని ఒంట్లోంచే తీసుకుంటుంది. అదే బరువున్న చల్లటి నీళ్ళు అంత వేడిని లాగలేవు. ఎండలో పరుగెత్తే క్రీడాకారులు పోటీకి ముందు నూరిన ఐసు తాగేది అందుకే. అయినా తొలకరి గారి మాటే మాట, నీళ్ళు నీళ్ళే.

ఎండపొడ

అందరికీ మళ్ళీ నమస్కారం. మామిడి, పెరుగు, అరటి కలిపి చేశాను. పన్ను దిగుతోంది! చివరిదాకా ఒకటే రంగు, ఒకటే రుచి. బాబు పుల్ల నాకి మరీ ఇచ్చాడు. పాపకి కరిగినది చెంచాతో పెట్టాను, మొదటి చెంచాకి మొహం ముడిచి, రెండో చెంచాకి నోరు తెరిచింది.

రెండు సందేహాలు మిగిలాయి. మిక్సీలో రుచి చూసినప్పుడు ఉన్న తీపి గడ్డకట్టాక తగ్గినట్టు ఉంది, నా భ్రమా? రెండు, ఈసారి రెండు రంగులు వరసలుగా చేయమని బాబు అడుగుతున్నాడు. పుల్ల నిటారుగా నిలబడటం లేదు, పక్కకి ఒరిగిపోతోంది.

నీలిమేఘం

భ్రమ కాదండి. నాలుక మీద తీపిని పట్టే ఏర్పాటు చలికి మందగిస్తుంది. అందుకే కరిగిన ఐస్‌క్రీమ్ వెగటుగా తియ్యగా ఉంటుంది. మిక్సీలో రుచి చూసేటప్పుడు మీకు సరిపోయిన దాని కన్నా ఒక మెట్టు ఎక్కువ తీపి ఉండాలి. దానికి చక్కెర అక్కర్లేదు, ఇంకాస్త పండిన పండు, చిటికెడు ఉప్పు, కొంచెం నిమ్మరసం. ఉప్పు చేదునీ వగరునీ అణిచి తీపిని ముందుకు తెస్తుంది. నిమ్మరసం అరటిపండు నల్లబడకుండా కూడా కాపాడుతుంది.

పళ్ళబుట్ట

వరసల సంగతి నేను చెబుతా. మొదటి రంగు అచ్చులో మూడో వంతు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. ముప్పావు గంటకో గంటకో పైన గట్టిపడి లోపల మెత్తగా ఉంటుంది. అప్పుడు పుల్ల గుచ్చండి, నిలబడుతుంది. ఆ తర్వాత రెండో రంగు పోయండి, అది ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా చేసినదై ఉండాలి, వెచ్చగా పోస్తే కింది వరస కరిగి రెండూ కలిసిపోతాయి. కింది వరస మరీ గట్టిపడేదాకా ఆగినా ఇబ్బందే, రెండూ అతుక్కోక తీసేటప్పుడు విడిపోతాయి.

ఒకే రంగైతే ఇంత అక్కర్లేదు. అచ్చు మీద అల్యూమినియం ఫాయిల్ బిగించి, మధ్యలో చాకుతో చిన్న గాటు పెట్టి పుల్ల దూర్చితే నిటారుగా ఉంటుంది. అచ్చు అంచు దాకా నింపకండి, అర సెంటీమీటరు వదలండి. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి.

అచ్చులు కొనాలనేం లేదు. చిన్న స్టీలు గ్లాసులు చాలా మంచివి, లోహం వేడిని త్వరగా వదిలేస్తుంది కాబట్టి త్వరగా గడ్డకట్టి పలుకులు సన్నగా వస్తాయి. గాజువి వద్దు, ఉబ్బినప్పుడు పగలొచ్చు. తీసేటప్పుడు గోరువెచ్చటి నీళ్ళలో పది పదిహేను సెకన్లు ముంచి, పుల్ల పట్టుకుని నిదానంగా లాగండి. వేడినీళ్ళు వాడితే పైపొర కరిగి ఆకారం పోతుంది.

గోరువెచ్చన

పుల్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి. ఈ పుల్ల ఐస్ పుట్టింది ఒక పిల్లవాడి చేతిలోనే అంటారు. 1905లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ళ అబ్బాయి సోడా పొడి కలిపిన నీళ్ళ గ్లాసుని, కలిపే పుల్లతో సహా, రాత్రి బయట వదిలేశాడట. చలికి గడ్డకట్టింది. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. మా పిల్లలకి ఇది చెప్పాక ప్రతి గ్లాసులోనూ ఒక పుల్ల పెట్టి ఫ్రీజర్‌లోకి తోస్తున్నారు. మజ్జిగ, టమాటా రసం, ఏదీ వదల్లేదు. మజ్జిగది నిజంగానే బాగుంది, పుదీనా, జీలకర్ర పొడితో.

వానచినుకు

మజ్జిగ పుల్ల ఐస్! తీపి ఇష్టపడని పెద్దవాళ్ళకి ఇదే సరి. పలుచగా ఉంటే గట్టిపడదా?

గోరువెచ్చన

గట్టిపడుతుంది, అందుకే మజ్జిగలా పలుచగా చేయకుండా పెరుగునే కాస్త నీళ్ళతో చిలికాను. కీరదోస తురుము కూడా వేశాను. ఉప్పు మామూలుగా తాగే మజ్జిగకి వేసినంతే.

ఇసుకగడియారం

చదువుతూ ఉన్నాను, అందరూ రుచి గురించి, మెత్తదనం గురించి చెప్పారు, శుభ్రత గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతాను. ఫ్రీజర్ సూక్ష్మజీవుల్ని చంపుతుందని చాలామంది అనుకుంటారు. చాలావాటిని నిద్రపుచ్చుతుంది, అంతే. కరగగానే మళ్ళీ లేస్తాయి. నీళ్ళు కలిపేటట్టయితే తాగడానికి పనికొచ్చే నీళ్ళే, అనుమానం ఉంటే మరిగించి చల్లార్చినవి. పుచ్చకాయ, కర్బూజ తొక్క తీసి పారేసేదే కదా అని కడగకుండా కోయకండి, చాకు తొక్క మీది మురికిని లోపలి కండలోకి తీసుకెళ్తుంది. కర్బూజ తొక్క గరుకు కాబట్టి బ్రష్‌తో రుద్ది కడగాలి. పాలు కాచినవే వాడండి, పచ్చి పాలు వద్దు.

కరిగిపోయినదాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకండి. శుభ్రత ఒక కారణం, నిదానంగా మళ్ళీ గడ్డకట్టేటప్పుడు పలుకులు పెద్దవై గరగరలాడటం రెండోది.

ఎండపొడ

ఇసుకగడియారం గారూ, మంచి మాట చెప్పారు. కర్బూజ నేను ఊరికే నీళ్ళ కింద పెట్టి తీసేదాన్ని, ఇక బ్రష్ వాడతాను. ఒకేసారి ఎక్కువ చేసి పెట్టుకుంటే ఎన్నాళ్ళు ఉంటాయండీ? అచ్చుల్లోనే ఉంచేయాలా?

ఇసుకగడియారం

అచ్చుల్లో ఉంచకండి. బాగా గట్టిపడ్డాక తీసి, ఒక్కోదాన్ని విడిగా బటర్ పేపర్‌లో చుట్టి, గాలి తీసేసిన జిప్ కవర్లో పెట్టండి. గాలి తగిలితే ఐసు నేరుగా ఆవిరైపోతూ పైన తెల్లటి పొర కడుతుంది, ఫ్రీజర్ వాసన పడుతుంది. ఇలా చుట్టి పెడితే పాడవవు గానీ, రుచి బాగుండాలంటే నెల రోజుల్లో తినేయండి. పెరుగు, పాలు ఉన్నవి ఇంకా ముందే. కవరు మీద చేసిన తేదీ రాయండి. తలుపు పక్క అరలో పెట్టవద్దు, తెరిచి మూసినప్పుడల్లా అక్కడ వేడి తగులుతుంది. లోపల వెనక గోడ దగ్గర పెట్టండి.

పళ్ళబుట్ట

కవర్లో వేసే ముందు ఒక పళ్ళెం మీద పరిచి పావుగంట ఫ్రీజర్‌లో ఉంచండి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీసినప్పుడు పైన పట్టిన తడి మళ్ళీ గట్టిపడుతుంది. లేకపోతే కాగితం అతుక్కుని చిరిగి వస్తుంది.

సాయంత్రపునీడ

స్ట్రాబెర్రీ, పెరుగుతో నాన్నగారికి చేశాను. తిన్నాక మీటరులో పెద్దగా పెరగలేదు. ఇప్పుడు ఆయన పన్ను జివ్వుమంటోంది అంటున్నారు. దానికేమైనా ఉందా?

తొలకరి

ఫ్రీజర్ నుంచి తీశాక రెండు మూడు నిమిషాలు గిన్నెలో ఉంచి ఇవ్వండి, అంచులు మెత్తబడతాయి. కొరకకుండా చెంచాతో తినమనండి. తిన్నాక నీళ్ళు పుక్కిలించమనండి, పండులోని పులుపు పంటి మీద ఉండిపోకుండా. వెంటనే బ్రష్ చేయొద్దు, పులుపు తగిలిన పన్ను కాసేపు మెత్తబడి ఉంటుంది, అరగంట ఆగాలి. ప్రతిసారీ జివ్వుమంటుంటే పంటి డాక్టరుకి చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు త్వరగా వస్తుంది, ఆలస్యం చేయొద్దు.

సాయంత్రపునీడ

ఈ వారమే తీసుకెళ్తాను అండీ.